రెండు మూతలు

దొంగతనం తెల్లవారుజామున జరిగింది. దొంగ ఆ ఇంటి యజమానే. పోయిన వస్తువంటూ ఏదీ లేదు. నూతి గట్టు మీద పక్కపక్కనే ఉన్న రెండు ప్లాస్టిక్ సీసాల మూతలు మాత్రం అటుది ఇటూ, ఇటుది అటూ అయ్యాయి.

ఆ సీసాలు ముందురోజు సాయంత్రం ఆశా కార్యకర్త తిరుమల ఇచ్చి వెళ్ళింది. కవిటి చుట్టుపక్కల కిడ్నీ పరీక్షల శిబిరాలు పెడుతూనే ఉంటారు. ఈసారి వీళ్ళ ఊరి వంతు. పొద్దున్న లేవగానే వచ్చే మొదటి మూత్రం సీసాలో పట్టి ఉంచాలి. స్టిక్కర్లు అయిపోవడంతో తిరుమల తెల్ల ప్లాస్టరు ముక్కలు చించి మూతల మీద అంటించి, స్కెచ్ పెన్నుతో పేర్లు రాసింది. ఒక మూత మీద తారకేశ్వరరావు. రెండో మూత మీద అతని భార్య పైడమ్మ.

"సిన్నాన్నా, ఒకరి మూత ఒకరికి ఎట్టీకండి. రిజల్టు తారుమారైపోతాది" అని మరీ మరీ చెప్పింది.

ఆ ఉపాయం అప్పటిదాకా తారకేశ్వరరావుకి తట్టలేదు. పాపం, తిరుమలే అందించింది.

అతనికి ఆదివారం గండం ఉంది. ఆ రోజు కొబ్బరి రైతుల సంఘానికి కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. బరిలో ఉన్నది ఇద్దరు: తనూ, వరసకి బావ అయ్యే తిరుపతిరావూ. గెలుపు తనదేనని ఊళ్ళో సగంమంది అంటున్నారు, మిగతా సగం కాదనడం లేదు. సరిగ్గా ఇప్పుడే ఈ సీసా వచ్చిపడింది. కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ ఉద్దానంలో మనిషికి ఇంకే జబ్బున్నా పరవాలేదు. 'కిడ్నీ' అన్న మాట మాత్రం ఒక్కసారి గుమ్మం తొక్కిందా, మనిషి ఎదురుగా కూర్చుని టీ తాగుతూ ఉండగానే జనం 'మంచోడు, పాపం' అనడం మొదలుపెడతారు. 'మంచోడు, పాపం' అనిపించుకున్నవాడికి ఓటేసేవాడు ఎవడు?

పైగా కొన్నాళ్ళుగా సాయంత్రమయ్యేసరికి అతని పాదాల మీద చెప్పుల అచ్చు అలాగే ఉండిపోతోంది. పొద్దున్నే సీసాలో తేలిన నురగ చూస్తే గుండె జారింది.

పైడమ్మ సంగతి వేరు. ఆమె నేలలో పాతిన గునపం ముందు నిలబడి కొబ్బరికాయలు ఒలుస్తూ ఉంటే కూలివాళ్ళు తమ పని ఆపి చూస్తారు. మోకాళ్ళ నొప్పికి కొట్లో కొనుక్కునే మాత్ర తప్ప ఆమెకి వేరే వైద్యం తెలీదు. ఆ ఒళ్ళు ఇనుము. ఆ ఇనుములోంచి వచ్చిన సీసా కూడా పక్కనే ఉంది.

ఆమె పాలు పితకడానికి శాలలోకి వెళ్ళగానే తారకేశ్వరరావు పిల్లిలా నూతి దగ్గరికి వచ్చాడు. తన పేరున్న మూత పట్టుకుని తిప్పాడు. అది కదల్లేదు. జన్మలో దేని మూతా బిగించి ఎరగడతను. పచ్చడి జాడీ అయినా, నూనె డబ్బా అయినా, బండి పెట్రోలు ట్యాంకు అయినా మూత మీద పెట్టి వదిలేస్తాడు. పైడమ్మ వెనకాలే బిగించుకుంటూ తిరుగుతుంది. అలాంటిది ఈ మూత కోట తలుపులా ఉంది. 'భయంలో బలం పుడతాదంటారు, ఇదే కాబోలు' అనుకుని లుంగీ అంచుతో పట్టి గట్టిగా తిప్పి ఊడదీశాడు. రెండు మూతలూ మార్చాడు. శాలలోంచి చెంబు చప్పుడైంది. వేపపుల్ల నోట్లో పెట్టుకుని ఆకాశంలో కొంగల్ని చూడసాగాడు.

"ఏటి మావా, ఇంకా పళ్ళు తోముతన్నావేటి? ఇందాకే తోమీసేవు గదా?" అంది పైడమ్మ పాలచెంబుతో వస్తూ.

"రెండోసారి తోమితే పళ్ళు అరిగిపోతాయేటి?"

ఆమె ఒక్క క్షణం అతని వంకా, సీసాల వంకా చూసి, గబగబా రెండూ సంచిలో వేసుకుని తిరుమలకి అప్పజెప్పడానికి వెళ్ళిపోయింది.

శుక్రవారం బడి వరండాలో ఫలితాలు చెప్పారు. ఎవరి ఫలితం వాళ్ళ చెవిలోనే చెప్పాలని తిరుమలకి పైనుంచి గట్టి ఉత్తర్వు. ఆమె కూడా చెవిలోనే చెప్పింది. కానీ తిరుమల చెవిలో చెబితే ఇచ్ఛాపురం దాటి ఒడిశా వాళ్ళకి కూడా అర్థమవుతుంది.

ముందు తిరుపతిరావుని పిలిచింది. "మావయ్యా, నీకు సుగరు. అలాగిలాగ కాదు. కాగితం ముంచగానే నల్లగా మాడిపోయినాది. డాక్టరు బాబే బయపడిపోయి రెండోసారి ముంచినారు."

తిరుపతిరావు ఎర్రగా కందిపోయి, ఎందుకో పక్కనున్న కొబ్బరి చెట్టు వంక కోపంగా చూశాడు. జనం మాత్రం అతణ్ణి కొత్త గౌరవంతో చూశారు. సుగరు పెద్దమనుషుల జబ్బు.

"సిన్నాన్నా, నువ్వు రా." తారకేశ్వరరావు రొమ్ము విరుచుకుని వెళ్ళాడు. తిరుమల గొంతు తగ్గించింది, అంటే వరండా చివరిదాకా మాత్రమే వినిపించేలా. "నీకు ప్రొటీను పోతంది. మూడు ప్లస్సులు. రేపే పలాస ఎల్లిపోవాల. పిన్నికి ఏటీ లేదు, శుబ్బరంగా ఉంది."

ఎవరో వెనకనుంచి "మంచోడు, పాపం" అన్నారు.

తారకేశ్వరరావుకి ఆ మాట వినిపించలేదు. అతని తలలో ఒకే ఒక్క లెక్క నడుస్తోంది. మూత తనది. లోపలున్నది పైడమ్మది. అంటే జబ్బు...

తలెత్తి చూశాడు. ఆడవాళ్ళ వరసలో పైడమ్మ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోయి ఉంది. చెయ్యి కడుపు మీద వేసుకుని గోడకి ఆనుకుంది. 'నా కోసం ఇదైపోతంది పిచ్చిది. అసలు సంగతి తెలిస్తే బతుకుతాదా?' అనుకున్నాడు. చెప్పెయ్యాలి అనుకున్నాడు. ఏమని చెప్పాలి? ఇంత జనంలో, మూత్రం దొంగతనం చేశానని చెప్పాలా?

సాయంత్రానికల్లా, ఆదివారం జరగబోయే సంఘం ఎన్నికలో అతనికి ఒక్క ఓటు కూడా మిగల్లేదు.

మర్నాడు పలాస పెద్దాసుపత్రిలో డాక్టర్ భార్గవి శిబిరం వాళ్ళిచ్చిన కాగితం చదివి, అతని రక్తం తీయించి, స్కాన్ చేయించి, బీపీ చూసింది. చిన్న వయసు పిల్ల. కళ్ళజోడు వెనకనుంచి మనిషిని సూటిగా చూస్తుంది.

"క్రియాటినిన్ నార్మల్‌గానే ఉందండీ."

'ఉండదా మరి? రక్తం నాది గదా' అనుకున్నాడు తారకేశ్వరరావు.

"బీపీ బాగా ఎక్కువుంది."

'నీ ఎదర కూకుంటే ఎవుడికుండదమ్మా' అనుకున్నాడు.

"కిడ్నీ జల్లెడ లాంటిది. మీ జల్లెడ కన్నాలు కాస్త పెద్దవయ్యాయి, ప్రొటీను కారిపోతోంది. అదృష్టం, చాలా ముందుగా దొరికింది. ఇప్పుడు జాగ్రత్తపడితే ఎన్నాళ్ళైనా బండి నడుస్తుంది. అశ్రద్ధ చేస్తే డయాలసిస్ దాకా వస్తుంది. ఉప్పు తగ్గించాలి. ఎండుచేపలు, ఆవకాయ, అప్పడాలు బంద్. రోజుకి ఈ మాత్ర ఒక్కటి. నొప్పి మాత్రలు మాత్రం పొరపాటున కూడా వేసుకోకూడదు."

"మోకాళ్ళకేసుకునే మాత్రలు కూడానా అమ్మా?" అంది పక్కనున్న పైడమ్మ.

"ముఖ్యంగా అవే."

పైడమ్మ చేతిసంచిలోంచి తన నొప్పి మాత్రల అట్ట తీసి చెత్తబుట్టలో పడేసింది. తారకేశ్వరరావు ఆశ్చర్యపోయాడు. "నీకెందుకే? వద్దంది నాకు గదా?"

"ఇంట్లో ఉంటే నీ సెయ్యి ఊరుకోదు మావా" అని ఆమె మొహం తిప్పుకుంది.

దేవుడే ఆమె చేత ఆ పని చేయించాడనుకున్నాడు. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ దగ్గర కూర్చుని జీడితోటలు చూస్తూ ఒక మహత్తర నిర్ణయం తీసుకున్నాడు. పైడమ్మకి ఈ సంగతి తెలియకూడదు. జబ్బు తన పేరు మీదే ఉండనీ. పదవి పోతే పోయింది. భార్య జబ్బు భర్త మోస్తాడు. ఇందులో తప్పేముంది? ఆ ఆలోచన అతనికి ఎంత నచ్చిందంటే, కంచిలిలో దిగేసరికి మూతలు మార్చింది కూడా ఆమె కోసమేనేమో అని అనిపించడం మొదలుపెట్టింది.

ఇక మిగిలింది వైద్యం. ఏ మూత్రాన్ని చూసి మందు రాశారో, ఆ మూత్రం తాలూకు మనిషికే మందు చేరాలి. ఇది న్యాయం.

ఉప్పు సంగతి అనుకున్నదానికన్నా తేలిగ్గా తేలిపోయింది. "నువ్వు గూడా చప్పిడి తినకపోతే నాను తినను" అని అతను కంచం ముందు అలిగేలోపే, పైడమ్మ తన కంచంలో కూడా ఆ చప్పిడి కూరే వడ్డించుకుంది. ఆవకాయ జాడీ అటక ఎక్కించింది. ఎండుచేపల బుట్ట పొరుగింటి ఎర్రమ్మకి ఇచ్చేసింది. ఎండుచేప వాసన వస్తే పక్క వీధికి వెళ్ళి తిని వచ్చే మనిషి, గడ్డి తిన్నట్టు బెండకాయలు తింటోంది. తారకేశ్వరరావుకి కళ్ళు చెమర్చాయి. తను మాత్రం ఆరోగ్యవంతుడు కాబట్టి కవిటి వెళ్ళినప్పుడల్లా హోటల్లో నెత్తళ్ళ ఎండుచేపల వేపుడు రెండు ప్లేట్లు లాగించి వస్తున్నాడు.

మాత్ర దగ్గర తెలివి వాడాడు. పొద్దున్నే లేచి చిన్నరోట్లో మాత్ర నూరి, చోడంబలిలో, అదే రాగి జావలో, కలిపి, ఉల్లిపాయ ముక్క పక్కన పెట్టి మరీ పైడమ్మకి తీసుకెళ్ళి ఇచ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఆమెకి గ్లాసుడు నీళ్ళు ఇచ్చిన పాపాన పోలేదు.

"ఏటి మావా ఇది? సూరీడు పడమర గాని పొడిసేడా?"

"తాగవే. మొగుడు సేత్తో ఇస్తే పుణ్యం."

ఆమె అతని మొహం వంక అదోలా చూసి, గటగటా తాగేసింది. ఒక్కటే చిక్కు. మాత్రల అట్ట అతను అనుకున్న దానికన్నా జోరుగా ఖాళీ అవుతోంది. చిల్లర కూడా సరిగ్గా లెక్కపెట్టలేని తన బుర్రని తిట్టుకుని ఊరుకున్నాడు.

తారకేశ్వరరావు పోటీలోంచి తప్పుకోవడంతో ఆదివారం తిరుపతిరావు ఏకగ్రీవంగా అధ్యక్షుడయ్యాడు. దండ వేశారు, లడ్డూలు పంచారు. అధ్యక్షుడి చేతిలోకి లడ్డూ రాగానే ఆయన భార్య బొడ్డమ్మ జనంలోంచి వచ్చి లాక్కుపోయింది.

వారం తిరిగేసరికి కొత్త అధ్యక్షుడు తోటలోకి వచ్చి తారకేశ్వరరావు పక్కన కొబ్బరిమట్ట మీద కూలబడ్డాడు. మనిషి సగమైపోయాడు.

"బావా, ఒక మాట సెప్తాను. ఎవుడికైనా సెప్పేవంటే నీ సెట్లకి తెగులొస్తాది."

"సెప్పు."

"నాకు సుగరూ లేదు, గిగరూ లేదు. ఆ రోజు పరీక్షకి బయపడిపోయి సీసాలో లేత బొండం నీళ్ళు పోసీసేను. సూత్తే రంగొక్కలాగే ఉన్నాది మరి! అందులో తీపి ఉంటాదని నాకేటి తెల్సు?" తిరుపతిరావు తల కొట్టుకున్నాడు. "మా ఆడది టీలో పంచదార మానేసినాది. పొద్దుటా సాయంత్రం కాకరకాయ రసం. కొబ్బరి సంఘం అధ్యక్షుణ్ణి బావా, బొండం తాగనివ్వటం లేదు! నిజం సెబితే పదవి పోతాది. సెప్పకపోతే పేనం పోతాది."

తారకేశ్వరరావు పొట్ట పట్టుకుని నవ్వాడు. తిరుపతిరావు అతని వంక అనుమానంగా చూశాడు. "నవ్వకు. నీ మీద కూడా నాకు డౌటుంది బావా. మొన్న కవిటి హోటల్లో నెత్తళ్ళు తింటంటే సూసినోళ్ళున్నారు. కిడ్నీ మనిషి అలాగ తినడు. నిజం సెప్పు. నీది గూడా బొండవేనా? అలాగైతే సెప్పీ. నీ పేరు మంచిదైపోతే ఈ కుర్చీ నీకే ఇచ్చీసి నాను ఇంటికెల్లి లడ్డూ తింటాను."

కుర్చీ ఎదురుగా నడిచి వచ్చి నిలబడింది. ఒక్క మాట చాలు. 'నాది కాదు బావా, మా పైడిది.' ఆ మాట నాలుక చివరికి వచ్చింది. అవతల కల్లంలో పైడమ్మ గునపం మీద కాయని దింపుతున్న చప్పుడు వినిపించింది. రేపట్నుంచి ఆమె బజార్లోకి వెళ్తే 'మంచిది, పాపం' అంటారు.

"లేదు బావా" అన్నాడు తారకేశ్వరరావు, తన త్యాగానికి తనే కరిగిపోతూ. "నాదే. నా మూత్రమే."

సరిగ్గా అప్పుడే కల్లంలో గునపం చప్పుడు ఆగిపోయింది.

వెళ్ళి చూస్తే పైడమ్మ పీచు కుప్ప మీద కూలబడి ఉంది. చేతిలోని కాయ దొర్లిపోయింది. కూలివాళ్ళు చుట్టూ మూగి కొంగులతో విసురుతున్నారు.

"బూమి తిరుగుతంది మావా. కళ్ళు సీకట్లు కమ్ముతన్నాయి" అంది ఆమె సన్నగా.

జబ్బు ముదిరిపోయిందన్నమాట! తారకేశ్వరరావు ఆటో పిలిపించి, భార్యని ఒళ్ళో పడుకోబెట్టుకుని పలాస బయల్దేరాడు. ఆటో గతుకుల్లో ఎగిరినప్పుడల్లా ఆమె తల పట్టుకుంటూ 'నూకాలమ్మ తల్లీ, కుర్చీ వద్దు, పరువొద్దు, ఇదొక్కటి మిగుల్చు' అని మొక్కుకున్నాడు. ఎదురు వచ్చిన మొదటి డాక్టరుకే అంతా కక్కెయ్యాలని తీర్మానించుకున్నాడు.

డాక్టర్ భార్గవి బీపీ పట్టీ చుట్టి, గాలి కొట్టి, భృకుటి ముడిచింది. "ఇంత తక్కువా? ఈవిడేం మాత్రలు వేసుకుంటున్నారు?"

తారకేశ్వరరావు చేతులు జోడించేశాడు. "నాను పెట్టేనమ్మా. మీరు నాకు రాసినవి. అంబలిలో నూరి పెట్టేను."

మంచం మీద పడుకున్న పైడమ్మ దిగ్గున తల ఎత్తింది. "అంబల్లోనా? ఓలమ్మో! మరి నాను అట్టలోంచి దొంగతనంగా తీసి ఏసుకుంటన్నవేటి?"

"నువ్వెందుకే ఏసుకుంటన్నావు?"

"నువ్వెందుకు పెట్టేవు?"

"ఆగండి" అంది డాక్టరు. ఆవిడ జీవితంలో మొదటిసారి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టినట్టుంది. "ఒకే మందు రెండు వైపులనుంచి ఈవిడకే వేశారు. బతికిపోయారు. అసలు మీ ఇద్దరిలో పేషెంటు ఎవరు?"

ఇద్దరి వేళ్ళూ ఒక్కసారే పైడమ్మనే చూపించాయి.

తారకేశ్వరరావు తలొంచుకుని మూతల కథ చెప్పాడు. చెప్పడం పూర్తయ్యాక పైడమ్మ దుప్పటి మొహం మీదకి లాక్కుంది. డాక్టరు ఆమెకి సెలైన్ పెట్టించింది. కాస్త తేరుకున్నాక ఇద్దరికీ చెరో సీసా ఇచ్చింది. ఈసారి పేర్లు సీసాల మీదే ఉన్నాయి. నర్సు మరుగుదొడ్డి తలుపు దాకా వెంట వచ్చి నిలబడింది.

గంటలో ఫలితం వచ్చింది.

"ఈవిడకి ఏమీ లేదు. కిడ్నీలు కొత్త కుండల్లా ఉన్నాయి. బీపీ కూడా రేపటికి దార్లోకి వస్తుంది. మీకే" అని డాక్టరు తారకేశ్వరరావు వైపు తిరిగింది. "మూడు ప్లస్‌లు. మొదటిసారి వచ్చిందే. మొదట్నుంచీ మీదే. మందు ఒక్కటి కూడా మింగలేదు కదా? ఉప్పైనా మానేశారా?"

రెండు ప్లేట్ల నెత్తళ్ళు కళ్ళ ముందు మెదిలాయి. "నాది ఎలాగవుతాదమ్మా? నాను మార్సేను గదా? నా సేతుల్తో మార్సేను!"

"అదేదో మీ ఇంట్లోనే తేల్చుకోండి. రేపట్నుంచి మాత్ర మాత్రం మీ నోట్లోకే వెళ్ళాలి. ఈసారి మాత్ర ఇంకెవరి అంబలిలోనైనా పడిందని విన్నానో, పోలీసులకి ఫోన్ చేస్తాను" అని ఆవిడ వెళ్ళిపోయింది.

వార్డులో ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. తారకేశ్వరరావు తన చేతుల వంక చూసుకున్నాడు. ఆ వేళ ఆ వేళ్ళ కింద కదలకుండా మొరాయించిన మూత గుర్తొచ్చింది. కోట తలుపులా బిగిసిన మూత. అతని జన్మలో అంత గట్టిగా మూత బిగించేది ఒక్కరే.

"పైడీ" అన్నాడు మెల్లగా. "నాకన్నా ముందు నువ్వు మార్సేవు గదా?"

పైడమ్మ సెలైన్ చుక్కల్ని చూస్తూ తలూపింది. "నువ్వు మొకం కడుక్కుంటన్నప్పుడు. పొద్దున్న లెగిసేసరికి నీ మొకం ఉబ్బిపోతంది మావా, నాను సూడనేటి? ఆదివారం కుర్చీ ఎక్కాలని సిన్నపిల్లాడిలా ఎగురుతన్నావు. నాది ఇనప ఒళ్ళు గదా, నాది నీ పేరుకెల్లిపోతే నీ ముచ్చట తీరిపోతాది, తరవాత సల్లగా డాక్టరు కాడికి తీసుకెల్దావనుకున్నాను. బళ్ళో ఆ పిల్ల నీ పేరు సెప్పగానే, జబ్బు నాకే అనుకున్నాను. సెబితే నువ్వు బెంగెట్టుకుంటావని..." ఆమె ఆగింది. తల అతని వైపు తిప్పింది. "మరి నువ్వెందుకు మార్సేవు?"

అబద్ధం సిద్ధంగా ఉంది. ఎంతో అందమైన అబద్ధం. 'నాను కూడా నీ కోసమే, నీ పేరు పాడవకూడదనే' అంటే చాలు. బస్సులో కంచిలి దాకా నునుపు చేసి పెట్టుకున్న అబద్ధమే. ఆ మాట కోసం నోరు తెరిచాడు.

"నీది మంచిదని దొబ్బీసేను" అన్నాడు. "కుర్చీ కోసం. నాది నీ పేరుకెల్తే నీకేటవుతాదో ఆలోసించలేదు."

"నాకు తెల్సు" అంది పైడమ్మ నింపాదిగా.

"ఎలాగ తెల్సు?"

"నువ్వెప్పుడైనా ఎవరికైనా మంచి సేస్తే ఊరంతా డప్పు కొట్టి మరీ సేత్తావు. పిల్లిలా నడుసుకుంటూ ఎల్లేవంటే అది నీ కోసవే." ఆమె కళ్ళు మూసుకుంది. అలా మూసుకునే అంది: "అంబలి ఒక్కటే. అది మాత్రం ఎవుడికీ సెప్పకుండా సేసేవు. నా పేనం మీదకి తెచ్చినాది గాని, డప్పు లేకుండా నువ్వు సేసిన మంచి అదొక్కటే మావా."

నర్సు వచ్చి చిన్న కాగితం పొట్లంలో మాత్ర ఇచ్చి వెళ్ళింది. తారకేశ్వరరావు దాన్ని నోట్లో వేసుకుని, సీసా ఎత్తి నీళ్ళు తాగాడు.

"నోరు తెరు" అంది పైడమ్మ.

తెరిచాడు.

"నాలిక ఎత్తు."

ఎత్తాడు. ఆమె తృప్తిగా తల వెనక్కి వాల్చింది. అతను నీళ్ళ సీసాకి మూత పెట్టి, మంచం పక్క బల్ల మీద ఉంచాడు. పైడమ్మ సూది లేని చెయ్యి చాచి ఆ సీసాని దగ్గరికి లాక్కుంది. ఒళ్ళో పెట్టుకుని, మూతని గట్టిగా బిగించింది.